టర్బో డీజిల్ కారు ఇంజన్‌ను ఇంట్లోనే విప్పి కట్టుకోవడం: హనుమకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా చెప్పి సమాధానంలోకి వస్తాను. మీ వద్ద 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఉంది, అది ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది, ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గాలి తన్నుకొస్తోంది, టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం) నుంచి ఇంజన్‌లోకి వెళ్ళే గాలి పైపు విప్పితే లోపల ఆయిల్ కనిపించింది. గ్యారేజీలో ఫుల్ ఇంజన్ పని చేయాలని, టర్బో కొత్తది వేయాలని, మొత్తం లక్ష రూపాయలు దాటుతుందని చెప్పారు. మీ చేతిలో 60 వేల రూపాయలు, ఇంటి వెనుక రేకుల షెడ్డు, రెండు నెలల సమయం ఉన్నాయి. ఈ పని మీరే చేసుకోవచ్చునా అని అడిగారు.

చేసుకోవచ్చును. అయితే ఇంజన్ ఎందుకు పాడైందో తేలేవరకు ఒక్క కొత్త భాగం కూడా కొనకండి. తక్కువ డబ్బుతో ఇంజన్ కట్టుకునేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పాడైన భాగం మార్చుతారు, దానిని పాడుచేసిన కారణాన్ని మాత్రం ఇంజన్‌లోనే ఉంచి మళ్ళీ బిగిస్తారు.

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో టర్బోల పని చేసి పదవీ విరమణ పొందాను. 16 సిలిండర్ల ఆల్కో రైలు ఇంజన్ ఆపిన తర్వాత దాని టర్బో ఎంతసేపు తిరిగి ఆగుతుందో గడియారం పట్టుకొని చూసేవాళ్ళం. ఉండవలసిన సమయం కన్నా ముందే ఆగిపోయిందంటే లోపల బేరింగో, చక్రమో ఎక్కడో పట్టేస్తున్నదని అర్థం. మీ కారు టర్బో చక్రం అరచేతిలో ఇమిడిపోతుంది, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. రెండింటికీ సూత్రం ఒక్కటే. తిరిగే షాఫ్ట్ ఇనుము మీద ఆనదు, పలుచని ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర కొన్ని క్షణాలు తెగినా, ఆయిల్‌లో మెత్తని ఇసుక రేణువులు కలిసినా, టర్బో ఆయుష్షు అక్కడే తరిగిపోతుంది. అందువల్ల టర్బో ఇంజన్ కట్టేటప్పుడు నా దృష్టి ముందు ఆయిల్ నడిచే దారి మీద ఉంటుంది, తర్వాతే మిగతా భాగాల మీద.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ టర్బో పాడైందని ఇప్పుడే నిర్ణయించడం తొందరపాటు. పిస్టన్ రింగులు అరిగినప్పుడు మండిన గాలి కిందికి జారి క్రాంక్ కేస్‌లో, అంటే పిస్టన్ల కింద క్రాంక్ తిరిగే గదిలో, ఒత్తిడి పెంచుతుంది. టర్బో నుంచి సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, వచ్చే ఆయిల్ కేవలం తన బరువుతో కిందికి దిగవలసిందే, దానిని లాగే పంపు ఏదీ లేదు. కింద ఒత్తిడి పెరిగితే ఆ ఆయిల్ దిగలేక, టర్బో సీళ్ళ దగ్గర నుంచి గాలి పైపులోకి కారుతుంది. దానికి తోడు, క్రాంక్ కేస్ ఊపిరి పైపు కూడా టర్బోకు ముందున్న గాలి దారిలోనే కలుస్తుంది గనుక ఆయిల్ ఆవిరి ఎలాగూ అందులోకి చేరుతుంది. కాబట్టి పైపులో ఆయిల్ కనిపించినంత మాత్రాన తప్పు టర్బోది అనలేము. మూత తీయగానే గాలి తన్నుకొస్తోందని మీరే రాశారు, నా అనుమానం రింగుల మీదనే ఉంది.

అనుమానాన్ని పరీక్షతో తేల్చుకోండి. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడిచేసేవి) విప్పి, ఆ రంధ్రాల నుంచి నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించండి. డీజిల్‌కు పనికొచ్చే గేజ్ వేరే ఉంటుంది, పెట్రోల్ గేజ్ ఆ ఒత్తిడికి తట్టుకోదు. తర్వాత ఒక్కొక్క పిస్టన్‌ను, వాల్వులు రెండూ మూసుకున్న కంప్రెషన్ పైస్థానానికి తెచ్చి, బండి కదలకుండా కట్టడి చేసి, కంప్రెసర్ గాలిని అదే రంధ్రం గుండా సిలిండర్‌లోకి పంపి వినండి. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు లేదా సిలిండర్ గోడ, సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి పైపు వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్ నీళ్ళలో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. ఈ పరీక్షకు సగం పూట చాలు. మీ ఖర్చు ఎటు వెళ్ళాలో ఇదే చెబుతుంది.

ఇంజన్ దించకముందే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను కూడా పరీక్షించాలి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సమానమైన సీసాలు తగిలించి, ఇంజన్‌ను ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) కొన్ని నిమిషాలు నడిపితే ఏ ఇంజెక్టర్ ఎక్కువగా డీజిల్ వెనక్కి వదులుతోందో కంటికే తెలుస్తుంది. ఈ పైపుల పని ఇంజన్ ఆపి ఉంచినప్పుడే చేయండి. ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ అందించే కామన్ రైల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్‌ను దాటుతుంది. నడుస్తున్న ఇంజన్ మీద ఆ పైపు నట్టు వదులు చేస్తే వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళ్ళిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన ప్రమాదం అది. చెడ్డ ఇంజెక్టర్‌ను అలాగే ఉంచి కొత్త పిస్టన్ వేస్తే ఆ పిస్టన్ నెత్తి కాలి రంధ్రం పడవచ్చు గనుక ఈ పరీక్షను వదలకండి.

మీ ఇంజన్ ఎంపిక ఒక విధంగా అదృష్టమే. 1248 సీసీ గల ఈ ఫియట్ మల్టీజెట్ ఇంజన్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా బండ్లలోనే కాక టాటా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ వచ్చింది. అందువల్ల లోపలి భాగాలు విరివిగా, పోటీ ధరలకు దొరుకుతాయి. అయితే 75 హార్స్‌పవర్ ఇంజన్‌కూ 90 హార్స్‌పవర్ ఇంజన్‌కూ టర్బోలు వేరు, ఎవరైనా చవకగా ఇస్తామంటే నంబరు సరిచూడకుండా కొనవద్దు. పాత సామాన్ల దుకాణంలో పూర్తి ఇంజన్ దొరుకుతుంది కదా అనే ఆలోచన కూడా మీకు వచ్చే ఉంటుంది. దాని గతం ఏమిటో మీకు తెలియదు, దాని రింగుల పరిస్థితి మీదానికన్నా మేలని హామీ ఉండదు. పైగా ఇంజన్ నంబరు మారితే ఆర్సీలో నమోదు చేయించుకోవలసి ఉంటుంది. మీ బ్లాకుతోనే కట్టుకుంటే ఆ చిక్కు లేదు.

ఇంజన్ దించే పని గురించి ఎక్కువ రాయను, ఇద్దరు తెలిసిన మనుషులు ఉంటే ఒక రోజు పని. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ ఇంజన్ ఒక్కటే 130 కిలోల వరకు ఉంటుంది, గేర్‌బాక్స్ దానికి అదనం. మీ రేకుల షెడ్డు పైపుకు చైన్ పుల్లీ వేలాడదీయవద్దు. ఇంజన్ దించే స్టాండ్ అద్దెకు తెచ్చుకోండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, బండిని మోసే జాకీ స్టాండ్లు పెట్టిన తర్వాతే దూరాలి. ప్రతి కనెక్టర్‌నూ విప్పకముందు ఫోన్‌లో ఫోటో తీయండి, బోల్టులను విప్పిన వరుసలోనే కోడిగుడ్ల ట్రేలలో పేర్చి పేర్లు రాయండి. నెల తర్వాత మీ జ్ఞాపకం ఆ ఫోటోలంత నమ్మకంగా ఉండదు.

విప్పేటప్పుడు ఇంజన్ తన కథను తానే చెబుతుంది, ఆ సమయంలో తొందర పడవద్దు. సంప్ అడుగున మెరిసే రజను ఉందా, అది అయస్కాంతానికి అంటుకుంటోందా లేదా అన్నది చూడండి. అంటుకోని తెల్లని లేదా రాగి రంగు రజను బేరింగ్ షెల్స్‌ది, అంటే షాఫ్ట్‌ను మోసే అర్ధచంద్రాకారపు రేకులది. బేరింగ్ షెల్స్‌ను తీసిన చోటనే పేరు రాసి వరుసగా పెట్టి చూస్తే అరుగుదల అన్నింటిలో సమానంగా ఉందా, ఒకదానిలోనే ఎక్కువగా ఉందా తెలుస్తుంది. కనెక్టింగ్ రాడ్ల మూతలు ఒకదానిది ఒకదానికి మారకూడదు. ఈ తరం ఇంజన్లలో రాడ్‌ను విరగ్గొట్టి మూతను వేరు చేస్తారు, ఆ విరిగిన గరుకు ముఖాలు తమ జతతో తప్ప మరొకదానితో కూర్చోవు.

ఆ తర్వాతి పని కొలతలు. ఈ ఇంజన్ స్టాండర్డ్ బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 69.6 మిల్లీమీటర్లు. ప్రతి సిలిండర్‌నూ పైన, నడుమ, కింద మూడు చోట్ల, ప్రతి చోటా రెండు దిక్కులుగా కొలవాలి. పైన ఎక్కువ అరిగి కింద తక్కువ అరిగితే టేపర్ అంటారు, ఒక దిక్కున ఎక్కువ అరిగితే ఓవల్ అంటారు. బోర్ గేజ్ కొనడం మీ బడ్జెట్‌లో దండగ. బ్లాకును లేత్ వర్క్‌షాపుకు తీసుకువెళ్ళి, మీ ఎదుటనే కొలిపించి, పన్నెండు అంకెలు చొప్పున నాలుగు సిలిండర్ల వివరాలు కాగితం మీద రాయించుకోండి. సిలిండర్‌కు ఆరు కొలతలు, వాటిని రెండోసారి తీసి సరిచూస్తే మరో ఆరు. "బోరింగ్ చేసేద్దాం" అని కొలవకముందే అనేవారి దగ్గర పని చేయించవద్దు. అరుగుదల మాన్యువల్‌లోని హద్దుకు లోపల ఉంటే హోనింగ్ (గోడను రాతితో సన్నగా గీయడం) చేయించి కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చు, హద్దు దాటితే బోరింగ్ (సిలిండర్‌ను పెద్దది చేయడం) చేసి వేసే ఓవర్‌సైజు పిస్టన్లు లేదా స్లీవులు (సిలిండర్‌లో దూర్చే కొత్త గొట్టాలు) తప్పవు. ఓవర్‌సైజు అయితే పిస్టన్లు చేతికి వచ్చిన తర్వాతే, వాటిని కొలిచి బోరింగ్ చేయించాలి. హద్దు దాటిన బోర్‌లో కొత్త రింగులు వేసి డబ్బు మిగిలిందనుకుంటే ఆరు నెలల్లో మళ్ళీ అదే పొగ చూస్తారు.

కొత్త రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకొని దానితో సమంగా కిందికి తోసి, రెండు కొసల నడుమ సందును ఫీలర్ గేజ్‌తో చూడండి. సందు మరీ తక్కువైతే వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి సిలిండర్‌ను గీరేస్తాయి, టర్బో ఇంజన్‌లో వేడి ఎక్కువ గనుక ఇది ఇంకా ముఖ్యం. క్రాంక్ షాఫ్ట్ జర్నల్స్‌ను, అంటే బేరింగుల్లో తిరిగే నునుపైన భాగాలను, మైక్రోమీటర్‌తో కొలిపించండి. బేరింగ్ సందును ఇంట్లోనే ప్లాస్టిగేజ్ అనే, నొక్కితే నలిగే ప్లాస్టిక్ పోగుతో తెలుసుకోవచ్చు: పోగును జర్నల్ మీద పెట్టి, మూతను పూర్తి టార్క్‌కు బిగించి, క్రాంక్ తిప్పకుండా మళ్ళీ విప్పి, నలిగిన వెడల్పును పట్టీతో పోల్చాలి.

హెడ్‌ను వర్క్‌షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి, వాల్వుల నడుమ సన్నని పగుళ్ళు కంటికి కనిపించవు. ఉపరితలం వంకర పోయిందో లేదో చూసిన తర్వాతే, అవసరమైతేనే, ఫేసింగ్ (ముఖాన్ని గీసి చదును చేయడం) చేయించాలి. డీజిల్‌లో పిస్టన్‌కూ వాల్వుకూ నడుమ ఉండే ఎడం చాలా తక్కువ, అలవాటుగా గీయించిన హెడ్ తర్వాత వాల్వులను తాకిస్తుంది. వాల్వ్ సీళ్ళు కొత్తవే వేయండి, ఉదయం వచ్చే నీలం పొగలో వాటి వాటా కూడా ఉండవచ్చు.

ఇక టర్బో. దానిని విప్పి, చల్లగా ఉన్నప్పుడు చక్రాన్ని వేలితో తిప్పండి. పక్కలకు స్వల్పంగా కదలడం సహజం, ఆయిల్ పొర కోసం ఆ సందు ఉంచుతారు. ముందుకు వెనక్కి లాగితే మాత్రం కదలిక దాదాపుగా తెలియకూడదు. చక్రం రెక్కలు గోడను రాసుకున్న గుర్తులు ఉంటే, రెక్కల అంచులు తిని ఉంటే, ఆ టర్బో మధ్య భాగం, అంటే మన మెకానిక్కులు కోర్ అని పిలిచేది, మార్చాలి. పూర్తి టర్బో కొనవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. కోర్‌ను బ్యాలెన్స్ చేసిన కాగితంతో సహా ఇచ్చే చోటనే తీసుకోండి, వరంగల్‌లో కుదరకపోతే హైదరాబాద్ వెళ్ళి రండి. కేవలం సీళ్ళ కిట్టు వేసి బ్యాలెన్స్ లేకుండా కట్టి ఇచ్చే పనికి డబ్బు పెట్టవద్దు. రెక్కల అంచులు తిన్నాయంటే దుమ్ము లోపలికి వెళ్ళిందని అర్థం గనుక ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని తర్వాతి పైపు, క్లిప్పులు ఒక్కొక్కటీ వెతకండి. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు రోజూ తిరిగే బండ్లలో దూది పోగులు ఫిల్టర్‌ను ఎంత త్వరగా కప్పేస్తాయో నేను చాలాసార్లు చూశాను.

టర్బో ఎలా ఉన్నా దానికి ఆయిల్ తెచ్చే సన్నని పైపును మార్చండి. ఎగ్జాస్ట్ వేడికి ఆయిల్ కాలి ఆ పైపులోనూ, దాని బోలు బోల్టులోనూ బొగ్గులా పేరుకుంటుంది. గాలి ఊదితే వెళ్ళిందని తృప్తి పడితే ఒకరోజు ఆ పెచ్చు ఊడి దారి మూసేస్తుంది. ఆయిల్ కిందికి దిగే పైపు కూడా నొక్కుకుపోకుండా, ఎక్కడా పైకి వంపు తిరగకుండా ఉండాలి.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం మా మేనల్లుడి కారు ఇంజన్ మా పెరట్లోనే కట్టాను. కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి, కొత్త కోర్ వేశాము. సంప్ బిగించేటప్పుడు ఆయిల్ కారకూడదన్న ఆత్రంతో సిలికాన్ గమ్ము మందంగా పూశాను. అంచుల నుంచి లోపలికి పొంగిన ఆ గమ్ము ఎండి, పోగులుగా తెగి, ఆయిల్ పంపు జాలీకి చుట్టుకుంది. ఇంజన్ మెయిన్ బేరింగులు ఎలాగో తట్టుకున్నాయి, కొత్త టర్బో మాత్రం మూడు వందల కిలోమీటర్లకే పోయింది. పొదుపుగా కూడబెట్టిన డబ్బు ఆ కుర్రవాడిది. ఆనాటి నుంచి గమ్మును అగ్గిపుల్ల మందం కన్నా ఎక్కువ పూయను, టర్బో ఆయిల్ కనెక్షన్ల దగ్గర అసలే వాడను, అక్కడ కొత్త రాగి వాషర్లు, గాస్కెట్లు మాత్రమే వేస్తాను.

మీ సంప్‌లో లోహపు రజను కనిపించి ఉంటే ఆయిల్ కూలర్‌ను కూడా అనుమానించండి. దాని సన్నని గదుల్లో చిక్కిన రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్తది వేయడమే క్షేమం. ఇంటర్‌కూలర్ ఉంటే దానిని విప్పి, లోపల నిలిచిన ఆయిల్‌ను పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. ఇది ఎందుకు ముఖ్యమో తెలుసుకోండి: డీజిల్ ఇంజన్‌కు ఆయిల్ కూడా ఇంధనమే. గాలి దారిలో ఆయిల్ నిలిచి ఉంటే తాళం తీసినా ఇంజన్ ఆగకుండా తనంతట తాను వేగం పెంచుకుంటూ పోవచ్చు. మొదటిసారి స్టార్ట్ చేసే రోజున గాలి నోటిని మూయడానికి ఒక మందమైన చెక్క పలకను పక్కనే సిద్ధంగా పెట్టుకోండి, చేతిని ఎన్నడూ అడ్డు పెట్టవద్దు.

శుభ్రత విషయంలో మన దగ్గర ఒక అలవాటు మానుకోవాలి. వర్క్‌షాపుల్లో దూది వేస్ట్‌తో తుడుస్తారు, దాని పోగులు ఆయిల్ రంధ్రాల్లో చిక్కుకుంటాయి. పలుమార్లు ఉతికిన పాత పంచె ముక్కలు వాడండి. హోనింగ్ అయిన బ్లాకును డీజిల్‌తో కడిగితే రాతి పొడి గోడ గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షుతో రుద్ది కడిగి, వెంటనే గాలితో ఆరబెట్టి, ఆయిల్ తడిపిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు కనిపించినంతసేపు మళ్ళీ మొదటి నుంచి కడగాలి. వానాకాలమైతే గీసిన ఇనుము ఒక్క రాత్రిలోనే తుప్పు పడుతుంది గనుక ఆయిల్ రాసి పాలిథిన్ కవర్ కట్టండి. ఎండాకాలమైతే షెడ్డు నేల మీద నీళ్ళు చల్లి, గాలి వచ్చే వైపు పరదా కట్టి పని మొదలుపెట్టండి.

కట్టేటప్పుడు హెడ్ బోల్టులు కొత్తవి వాడండి. వీటిని ముందు టార్క్‌కు, ఆ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పి బిగిస్తారు, అలా ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. క్రాంక్‌కు తగ్గట్టు వాల్వులను నడిపే టైమింగ్ చైన్, దాని గైడ్లు, టెన్షనర్ కలిపి మార్చండి. ఈ ఇంజన్ చైన్ ఆయిల్ బాగుంటే చాలాకాలం నడుస్తుంది, ఆయిల్ మార్పు ఆలస్యమైన బండ్లలో సాగి పళ్ళు దూకుతుంది, అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. టైమింగ్‌ను లాక్ పిన్నులతోనే పెట్టండి, కంటి అంచనాతో వద్దు. పెట్టిన తర్వాత క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్ళీ సులువుగా కూర్చుంటున్నాయా చూడండి. ఇంజెక్టర్లను వేటి చోట వాటినే, కొత్త రాగి వాషర్లతో కూర్చోబెట్టండి.

మీ 60 వేలలో పదివేలు పక్కన పెట్టి, మొదటి స్టార్ట్ అయ్యేవరకు ముట్టుకోకండి. మిగిలిన దానిలో మొదటి హక్కు వర్క్‌షాపు పనికి, బేరింగులకు, రింగులకు, రెండోది గాస్కెట్లు, బోల్టులు, చైన్ కిట్టుకు, మూడోది టర్బో కోర్‌కు. టర్బో పరీక్షలో బాగుందని తేలితే ఆ డబ్బు పిస్టన్లకు మళ్ళుతుంది. పాలిష్ చేసిన పైపులు, బూస్ట్ పెంచే చిప్పులు వంటి వాటికి ఈ ఇంజన్ మీద ఒక్క రూపాయి పెట్టవద్దు.

మొదటి స్టార్ట్‌కు ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి ఉంచి, బ్యాటరీకి విశ్రాంతి ఇస్తూ పది పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైట్ ఆరిన తర్వాతే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయండి. ఒక నిమిషం పాటు ఐడిల్‌లోనే ఉంచండి, రేస్ చేయవద్దు. ఆ నిమిషంలో టర్బో ఆయిల్ పైపు రెండు కొసలనూ, డీజిల్ పైపులనూ చూడండి, డీజిల్ పైపులను చేత్తో తడమవద్దు.

తర్వాత ఇంటి ముందు గంటల తరబడి ఐడిల్‌లో నడపవద్దు. రింగులు గోడకు కుదురుకోవడానికి వాటి వెనుక ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడి బరువు లాగినప్పుడే వస్తుంది. ఉదయం పూట హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దాకా వెళ్ళి రండి. ఒకే వేగం పట్టుకోకుండా మూడు, నాలుగు గేర్లలో సగం యాక్సిలరేటర్ వరకు లాగి, వదిలి, మళ్ళీ లాగండి. తిరిగి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, వేడెక్కిన టర్బోకు ఆయిల్ ఒక్కసారిగా ఆగిపోకూడదు. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతలను వెలుతురులో విప్పి చూడండి. మొదటి ఫిల్టర్‌లో మెత్తని బూడిద రంగు రజను స్వల్పంగా ఉంటుంది, భయపడనక్కర్లేదు. తళుకుమనే రేకులు కనిపిస్తే బండిని అక్కడే ఆపి, ఆ మడతల ఫోటో, వర్క్‌షాపులో రాయించుకున్న కొలతల కాగితం ఫోటో నాకు పంపండి.